సగటు సముద్రం – పద్నాలుగో భాగం: సరంగు తెచ్చిన తలుపు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఒక మరపడవ తలుపు వాతావరణ కార్యాలయం మెట్లెక్కింది. ముందు కొస సరంగు పట్టుకున్నాడు, వెనక కొస అతని బావమరిది. గేటు దగ్గర కాపలావాడు రిజిస్టరు తెరిచి రాయాల్సింది రాశాడు. సందర్శకులు, ఇద్దరు. వెంట ఉన్న వస్తువు, తలుపు. కలవవలసిన వ్యక్తి, బకెట్టమ్మ.

బకెట్టమ్మ అసలు హోదా సముద్ర పరిశీలకురాలు. ఇరవై రెండేళ్లుగా రోజూ ఉదయం ఆరింటికి రేవు చివరిదాకా నడిచి, గుడ్డ బకెట్టును తాడుతో నీళ్లలోకి దించి, మూడు నిమిషాలు ఉంచి, పైకి లాగి, నీడన పెట్టి, థర్మామీటరు ముంచి, నిమిషంలోపు అంకె చూసి పెన్సిలుతో పుస్తకంలో రాస్తోంది. ఎనిమిదేళ్ల కిందట తీరానికి పన్నెండు మైళ్ల అవతల సముద్రంలో ఒక యంత్రాన్ని లంగరేసి కట్టారు. దాని పేరు కాగితాల మీద రెండు వరుసలుంటుంది. పసుపు రంగు వేసి ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరూ పీపా అంటారు. గంటగంటకూ నీటి వేడి ఎంతుందో అదే పంపుతుంది. పీపా వచ్చిన రోజు నుంచి బకెట్టు అంకె బులెటిన్‌లోకి ఎక్కడం మానేసింది. ఆమె ఉద్యోగం రద్దు చెయ్యాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు కాబట్టి ఉద్యోగం మిగిలింది.

ఈ తీరాన సముద్రం చల్లన. ఏడాది పొడుగునా గాలి పై నీటిని అవతలి ఒడ్డు వైపు తోస్తుంటే అడుగు నుంచి చన్నీళ్లు పైకొస్తాయి. ఆ చన్నీళ్ల వల్లే ఇక్కడ చేప ఎక్కువ, వాన తక్కువ. కొన్నేళ్లకోసారి ఆ గాలి చచ్చుబడుతుంది. అవతల పోగుపడ్డ వేడి నీళ్లు ఇటు జారుతాయి. అప్పుడు చేప పోయి వాన వస్తుంది. ఈ ఏడు రెండు నెలలుగా నీటి వేడి సగటును దాటి ఎక్కుతూ వచ్చింది. ఒక డిగ్రీ, ఒకటిన్నర, రెండు, రెండు పాయింట్ తొమ్మిది. ఈ నెల నాలుగో తేదీ ఉదయం పీపా అంకె ఉన్నట్టుండి ముప్పై ఏళ్ల సగటుకు దిగింది. ఇరవై రెండు పాయింట్ ఎనిమిది. డైరెక్టరు పత్రికలవాళ్లను పిలిచి, సముద్రం చల్లబడింది, గండం గడిచింది అన్నాడు. అదే ఉదయం బకెట్టులో ఇరవై ఆరు పాయింట్ ఒకటి ఉంది.

కిందటి గురువారం ఆమె పీపా కాగితాల్లో ఆ సగటు అంకెల పక్కన ఉన్న చుక్కలు చూసింది. పాత ఫైలు తీసి చుక్క అర్థం తెలుసుకుంది. పీపా పంపిన అంకె సగటుకు మూడు డిగ్రీలు దాటితే కంప్యూటరు దాన్ని యంత్రం పొరపాటు కింద కొట్టేస్తుంది. ఆ చోట సగటు వేస్తుంది. వేసినందుకు గుర్తు ఆ చుక్క. ఆ నియమం కింద ఉన్న సంతకం డైరెక్టరుది.

సోమవారం ఆమె డ్యామ్ ఇంజనీరుకు ఫోన్ చేసింది. డ్యామ్ నిండుమట్టానికి రెండడుగుల తక్కువలో ఉంది. దాని దిగువ కాలనీలో తొమ్మిది వందల ఇళ్లున్నాయి. "మీ డైరెక్టరు గారి సంతకంతో హెచ్చరిక రేపు సాయంత్రం అయిదులోపు రావాలమ్మా," అన్నాడు ఇంజనీరు. "వస్తే గేట్లెత్తి మట్టం దించుతాను. నోటి మాటకి ఎత్తలేను."

అందుకే తలుపు వచ్చింది.

డైరెక్టరు ఆమెకు అక్క మొగుడు. ఆఫీసులో సార్, ఇంట్లో బావగారు. రెండు చోట్లా మాట్లాడేది ఆయనే. ఆయన గది రెండో అంతస్తులో ఉంది. కిటికీకి తెర వేసి ఉంది. కొండల మీద మబ్బు పట్టి రెండు రోజులైనా ఆ గదికి కబురు అందలేదు. గోడ మీద అద్దం బిగించిన పత్రిక ముక్క ఉంది. అందులో ఆయన ఫొటో, పైన 'గండం గడిచింది' అన్న శీర్షిక. అచ్చయి మూడు వారాలు కాలేదు. అప్పుడే ఫ్రేము కట్టించాడు.

తలుపు గుమ్మంలో అడ్డం పడితే పక్కకు తిప్పి లోపలికి తెచ్చారు.

"ఏమిటిది?" అన్నాడు డైరెక్టరు.

"తలుపు సార్," అంది బకెట్టమ్మ.

"తలుపని కనబడుతూనే ఉంది. ఎవరి తలుపు?"

"నాదండి," అన్నాడు సరంగు. "పడవలో చుక్కాని గది తలుపు. అక్క నాకో థర్మామీటరు, ఓ బకెట్టు ఇచ్చింది. పీపా పక్కకెళ్లి రోజూ నీళ్లు తోడి అంకె రాసుకురమ్మంది. కాగితమిచ్చింది, తడిసిపోయింది. పడవలో సుద్దముక్క ఉంది. తలుపు ఉంది. రాశాను."

తలుపు మీద పన్నెండు వరుసలున్నాయి. పదకొండో తేదీ నుంచి ఇరవై రెండు దాకా. మొదటి వరుసలో ఇరవై ఆరు పాయింట్ ఆరు. చివరి వరుసలో ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది.

"కాగితం మీద ఎక్కించుకుని రావచ్చుగా?"

"అక్క వద్దంది. ఎక్కిస్తే ఎక్కించినవాడి మాట అంటారంది. అందుకని మరలు విప్పాను."

డైరెక్టరు కళ్లద్దాలు పెట్టుకోలేదు. తలుపు దగ్గరకు రాలేదు.

"దీన్ని ఫైల్లో ఎలా పెట్టాలో కూడా నువ్వే చెప్పు," అన్నాడు మరదలితో. "చిల్లు పొడిచి ట్యాగ్ కడతావా?"

"గొళ్లెం ఉందండి," అన్నాడు సరంగు. "ఫైలే దానికి తగిలించుకోవచ్చు."

వెనక నిలబడ్డ బావమరిది నవ్వు ఆపుకోలేక దగ్గాడు. డైరెక్టరు బెల్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. తనే మొదలుపెట్టాడు.

"చూడు, నీ బకెట్టు సంగతి నాకు తెలియనిది కాదు. రేవు పక్కనే ఐసు ఫ్యాక్టరీ. దాని వేణ్ణీళ్ల గొట్టం రేవు కిందే పడుతుంది. నువ్వు కొలిచేది సముద్రం కాదు, ఆ గొట్టం. ఆ మాట ఎనిమిదేళ్ల కిందటే చెప్పాను."

"ఐసు ఫ్యాక్టరీ మూసి మూడు వారాలైంది సార్."

"మూశారా? ఎందుకు?"

"చేప లేదు. ఐసు ఎవరికి?"

"నెల రోజులుగా వల ఖాళీ అండి," అన్నాడు సరంగు. "మొన్న ఒకటి పడింది. దాని పేరు మా నాన్నకీ తెలియలేదు. ఆయనకి డెబ్బై ఆరు. చన్నీళ్ల చేప దక్షిణానికి పోయిందన్నాడు. వేణ్ణీళ్లని చేపకి తెలిసింది సార్, దానికి బులెటిన్ రాదు గనక."

"నేను నీతో మాట్లాడటం లేదు."

"తెలుసండి. తలుపుతో మాట్లాడతారేమోనని చూస్తున్నా."

బకెట్టమ్మ సరంగు వైపు చూసింది. అతను ఊరుకున్నాడు.

డైరెక్టరు మూడు డిగ్రీల నియమం ఎందుకు పెట్టాడో చెప్పాడు. పీపా మీద పక్షులు వాలతాయి. నాచు పట్టి, గుల్లలు పట్టి యంత్రం తిక్క అంకెలు పంపుతుంది. వాటిని ఏరెయ్యడానికి ఒక హద్దు కావాలి. ముప్పై ఏళ్ల లెక్కలు తీసి చూశాడు. ముప్పై ఏళ్లలో ఈ సముద్రం ఏనాడూ సగటుకు మూడు డిగ్రీలు దాటలేదు. దాటదు కాబట్టి, దాటిన అంకె తప్పు. ఈ పద్ధతి మీద రెండు సభల్లో ఉపన్యాసం ఇచ్చాడు. శాలువా కప్పించుకున్నాడు. ఆ శాలువా బీరువా మీద మడత పెట్టి ఉంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాళ్లను లోకం చాలామందిని చూసింది. సముద్రానికి మూడే డిగ్రీలన్నవాడు ఈయనొక్కడే.

"మీ ముప్పై ఏళ్ల లెక్క ఏ ఏడు మొదలైంది సార్?" అని అడిగింది బకెట్టమ్మ.

ఆయన చెప్పాడు.

"దానికి ముందు ఏడు అయిదు డిగ్రీలు దాటింది. నాకు ముందున్న పరిశీలకుడు రాశాడు. పుస్తకం కింద గదిలో ఉంది. అట్ట ఊడింది, అంకెలు ఉన్నాయి. ఆ ఏడు నలభై రోజులు వాన పడిందని కూడా రాశాడు."

"అప్పుడేమీ మునగలేదే."

"అప్పుడు డ్యామ్ లేదు. కాలనీ కూడా లేదు. కాలనీ ఉన్నచోట ఏరు ఉండేది."

డైరెక్టరు పేపర్‌వెయిటు ఇటు తిప్పి అటు తిప్పాడు.

ఆమె సంచిలోంచి ప్రింటు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. "నాలుగు నుంచి నిన్నటిదాకా పందొమ్మిది రోజులు. గంటకొకటి చొప్పున నాలుగు వందల యాభై ఆరు అంకెలు. అన్నీ ఇరవై రెండు పాయింట్ ఎనిమిదే. పగలూ అంతే, రాత్రీ అంతే. ఈ గది ఏసీ కూడా ఇంత బుద్ధిగా ఉండదు సార్. సముద్రం పందొమ్మిది రోజులు కదలకుండా కూర్చుందంటే ఇంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, సంతకం చేసి టీవీకి పంపారు."

"మాట తిన్నగా రానీ."

"మూడు డిగ్రీలు దాటిన రోజునే సగటుకు దిగింది. అది సముద్రం చల్లబడిన రోజు కాదు. మీ హద్దు దాటిన రోజు."

పన్నెండున్నరకు డైరెక్టరు భోజనానికి వెళ్లాడు. తలుపు గదిలోనే ఉంది. సరంగు, బావమరిది వరండాలో కూర్చున్నారు. బకెట్టమ్మ నిలబడే ఉంది. రెండుంబావుకు ఆయన పళ్లు కుట్టుకుంటూ తిరిగొచ్చాడు. దారిలో ఒక ఆలోచన కూడా తెచ్చుకున్నాడు.

"నీ మాటే నిజమనుకుందాం," అన్నాడు. "పీపా అసలు పంపిన అంకెలు ఉంటేగా తేలేది? కంప్యూటరు కొట్టేశాక అవి మిగలవు. మిగిలింది నీ బకెట్టు, ఇతని తలుపు. వీటి మీద నేను హెచ్చరిక ఇస్తే రేపు నన్ను సర్కస్‌లో పెడతారు."

ఆపరేటరును పిలిపించాడు. కంప్యూటరు గదిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషి. అవసరానికి మించి మాట్లాడడు, అవసరానికీ మాట్లాడడు. అందుకని సైలెంటు అన్న పేరు స్థిరపడింది. వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఏమయ్యా, కొట్టేసిన అంకెలు ఉండవు కదా?" అన్నాడు డైరెక్టరు. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆయన గొంతులోనే ఉంది.

"ఉన్నాయండి."

"ఏవి ఉన్నాయి?"

"పీపా పంపినవన్నీ. విడిగా ఇంకో ఫైల్లో పడతాయి."

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిదేళ్ల నుంచి."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

సైలెంటు కాస్త ఆలోచించాడు. "ఎవరూ అడగలేదండి."

అది అబద్ధం కాదు. ఆ ఆఫీసులో నలభై ఒక్క మంది పనిచేస్తున్నారు. అందులో పన్నెండు మందికి పేరు వెనక డిగ్రీ ఉంది. పందొమ్మిది రోజులు రోజుకు ఇరవై నాలుగు చుక్కలు వాళ్ల కళ్ల ముందు నుంచే పోయాయి. చుక్కంటే ఏమిటని అడిగింది ఒక్క బకెట్టమ్మ. అడిగింది కూడా మనిషిని కాదు, పాత ఫైలును.

సైలెంటు వెళ్లి ప్రింటు తీసుకొచ్చాడు. మూడు గంటల అయిదు నిమిషాలకు పోల్చడం మొదలైంది. సరంగు తలుపు చూసి చదివాడు. సైలెంటు కాగితం చూసి చదివాడు.

"పదకొండో తేదీ. ఇరవై ఆరు ఆరు."

"ఇరవై ఆరు ఏడు."

"పన్నెండు. ఇరవై ఆరు ఆరు."

"ఇరవై ఆరు ఆరు."

"పదమూడు. ఇరవై ఆరు తొమ్మిది. ఆ రోజు సుద్ద విరిగింది. ఏడులా కనబడుతుంది, తొమ్మిదే."

"ఇరవై ఆరు తొమ్మిది."

పన్నెండు వరుసలూ అయ్యాయి. పాయింట్ రెండుకు మించి తేడా ఒక్కచోటా లేదు. సైలెంటు ఎవరూ అడగకుండానే ఇంకొకటి చదివాడు. అతని సర్వీసులో అది మొదటిసారి.

"ఇవాళ పొద్దున పదింటికి. ఇరవై ఎనిమిది ఒకటి."

సగటుకు అయిదు పాయింట్ మూడు ఎక్కువ.

డైరెక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కాగితం చూశాడు. తలుపు చూశాడు. గోడ మీద ఫ్రేము వైపు కూడా ఒకసారి చూశాడు. "మీరంతా కాసేపు బయట ఉండండి," అన్నాడు. "ఆ తలుపు తీసుకెళ్లండి."

"తలుపు ఉండనివ్వండి," అంది బకెట్టమ్మ.

వాళ్లు వెళ్లాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు మారింది. ఆఫీసు గొంతు పోయి ఆదివారం గొంతు వచ్చింది.

"కూర్చో. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు. అక్కతో మాట్లాడావా ఈ సంగతి?"

"అక్కకు సముద్రం గొడవ ఎందుకు బావగారూ? ఆవిడకు మీరు చాలు."

ఆయన ఆ మాట దాటేశాడు. "హెచ్చరిక ఇస్తాను. ఇవ్వనన్నానా? కానీ ఇస్తే మొదట అడిగేదేమిటి? మూడు వారాల కిందట గండం గడిచిందన్నారు, ఇవాళ ముంచుకొచ్చిందంటున్నారు, మధ్యలో నిద్రపోయారా అంటారు. దానికి ఒక జవాబు ఉండాలి. జవాబు కాగితం మీద ఉండాలి."

"ఉంది కదా. నియమం తప్పు."

"నియమం శాఖది. శాఖ తప్పు చెయ్యదు. మనిషి చేస్తాడు."

సొరుగు తెరిచి ఒక కాగితం తీశాడు. టైపు చేసి ఉంది. భోజనానికి గంటా ముప్పావు ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. అందులో రాసింది ఇది: నాలుగో తేదీ నుంచి బకెట్టు కొలతల్లో వ్యత్యాసం కనిపిస్తున్నప్పటికీ సముద్ర పరిశీలకురాలు ఆ విషయాన్ని సకాలంలో పై అధికారుల దృష్టికి తీసుకురాలేదు. అందుకు బాధ్యత వహిస్తున్నారు.

"పదకొండు చీటీలు పంపాను," అంది.

"నాకు అందలేదు."

బకెట్టమ్మ కిందికి చూసింది. ఆయన బల్ల ఎడమ కాలు కింద, బల్ల ఊగకుండా, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. మడత అంచున పెన్సిలు రాత కనబడుతోంది. ఎనిమిదో తేదీ, ఇరవై ఆరు పాయింట్ నాలుగు.

ఆమె చూసిన వైపు ఆయనా చూశాడు. కాలు జరిపి దానికి అడ్డం పెట్టాడు.

"పెద్ద శిక్షేం ఉండదు. సస్పెన్షను రెండు నెలలు. తరవాత నేను చూసుకుంటాను. రిటైరుమెంటుకి ఎన్నాళ్లుంది నీకు?"

"పద్నాలుగు నెలలు."

"అదే. ఈలోగా అన్నీ మరిచిపోతారు. మన ఇంటి మనిషివి, నిన్ను వదిలేస్తానా? నువ్వు ఇక్కడ పెడితే నేను అక్కడ పెడతాను." హెచ్చరిక కాగితం కూడా తీసి పక్కన పెట్టాడు. అదీ టైపు చేసే ఉంది.

గడియారం మూడు నలభై చూపిస్తోంది.

ఆయన బేరానికి సిద్ధపడి కూర్చున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. అక్క పేరు ఎత్తుతుందనుకున్నాడు. రెండు నెలలను నెలకు దించమంటుందనుకున్నాడు, దించడానికి నెల చేతిలో ఉంచుకున్నాడు కూడా.

"ఎక్కడ పెట్టాలి?" అంది బకెట్టమ్మ.

"ఏమిటి?"

"సంతకం."

"చదవవా పూర్తిగా?"

"మీరు రాసేది ఇరవై రెండేళ్లుగా చదువుతున్నాను బావగారూ."

సంతకం పెట్టింది. తేదీ వేసింది. పక్కన గంట కూడా వేసింది, బకెట్టు పుస్తకంలో అలవాటు. తరవాత హెచ్చరిక కాగితం తన వైపు తిప్పుకుంది. 'సముద్ర ఉష్ణోగ్రతలో స్వల్ప మార్పు కారణంగా కొన్ని చోట్ల ఒక మోస్తరు వర్షాలు కురిసే అవకాశం లేకపోలేదు' అని ఉంది అందులో.

"'స్వల్ప' తీసెయ్యండి," అంది.

"అదేముంది, ఆ ఒక్క మాట..."

"అయిదు పాయింట్ మూడు. అంకె వెయ్యండి. 'కొన్ని చోట్ల' అంటే ఏ చోట్ల? డ్యామ్ పైన కొండలని రాయండి. నీళ్లు వేడెక్కాయి, ఆవిరి లేస్తోంది, కొండలు అడ్డం ఉన్నాయి. ఇంకెక్కడ పడుతుంది? 'ఒక మోస్తరు' కొట్టెయ్యండి. 'లేకపోలేదు' అంటే ఉన్నట్టా లేనట్టా?"

"బులెటిన్ భాష అంతే."

"డ్యామ్ దగ్గర ఉన్నవాడు ఇంజనీరు. వాడికి మామూలు భాష కావాలి."

ఆయన పెన్ను తీసి కొట్టేశాడు. ఆమె చెప్పింది రాశాడు. దిగువ కాలనీ ఖాళీ చేయించాలన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ఆమె తలుపు వైపు చూసింది. గొళ్లెం వైపు, సుద్ద గీతల వైపు. పెన్ను కదిలింది. కింద సంతకం పెట్టాడు. పెట్టాక పెన్నుకు మూత బిగించి, జేబులో పెట్టుకుని, "ఇక నీ ఇష్టం వచ్చినట్టు ఊరేగు," అన్నాడు.

నాలుగు గంటల అయిదు నిమిషాలకు సైలెంటు హెచ్చరికను డ్యామ్ కార్యాలయానికి పంపాడు. నాలుగు పన్నెండుకు అందినట్టు కబురు వచ్చింది. వరండాలో సరంగు లేచి నిలబడ్డాడు.

"అయిందా అక్కా?"

"అయింది."

"తలుపు తీసుకుపోనా? పడవలో గది తెరిచే ఉంది. గాలి లోపలికి కొడుతోంది."

"గాలి ఎటు నుంచి?"

"సముద్రం వైపు నుంచి. మూడు రోజులైంది తిరిగి."

ఆమె ఆ మాట పుస్తకంలో రాసుకుంది. కింది అంతస్తుకు వెళ్లి డ్యామ్ ఇంజనీరుకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"కాగితం అందిందా అండీ?"

"అందిందమ్మా."

"సంతకం ఉందిగా?"

"ఉంది. చూశాను. నిజంగా పెట్టారే."

"గేట్లు ఎప్పుడెత్తుతున్నారు?"

అటువైపు నుంచి తగరపు రేకు మీద చప్పుడు వినబడింది. మొదట విడివిడిగా, తరవాత ఎడతెగకుండా.

"అక్కడ వాన పడుతోందా?"

"ఇప్పుడే మొదలైంది."

"గేట్ల సంగతి అడిగాను."

"గేట్లు అయిదమ్మా," అన్నాడు ఇంజనీరు. "మీ నాలుగో తేదీ బులెటిన్ వచ్చాక, గండం గడిచిందన్నారు కదా అని, ఈ ఏడు చెయ్యాల్సిన మరమ్మతు ముందే పెట్టుకున్నాం. తొమ్మిదో తేదీన నాలుగు గేట్ల మోటార్లు విప్పి వర్క్‌షాపుకి పంపాం."

"అయిదోది?"

"అది తుప్పు పట్టి రెండేళ్లైంది. కదలదు."



"చేత్తో ఎత్తలేరా?"

"ఎత్తొచ్చు. చెయ్యి మర ఉంది. ఒక గేటు అడుగు లేవాలంటే ఎనిమిది మంది తొమ్మిది గంటలు తిప్పాలి. నా దగ్గర ఇవాళ డ్యూటీలో ముగ్గురున్నారు."

"మోటార్లు ఎప్పుడొస్తాయి?"

"శనివారం అన్నారు."

"ఈ శనివారమా?"

"వచ్చే శనివారం."

"మరి నిన్న నన్ను సంతకం ఎందుకడిగారు?"

రేకు మీద వాన చప్పుడు పెరిగింది. ఇంజనీరు గొంతు పెంచాల్సింది, పెంచలేదు.

"రాదనుకుని అడిగానమ్మా. మీ డైరెక్టరు గారు పెట్టరని అందరికీ తెలుసు కదా. రాకపోతే ఆ తప్పు మీ వైపు ఉంటుందని."

ఈ దేశంలో ఒక్కొక్క సంతకానికి ఒక్కొక్కడు కాపలా కాస్తుంటాడని బకెట్టమ్మకు తెలుసు. రాని సంతకం వెనక దాక్కునేవాళ్లు కూడా ఉంటారని ఇవాళ తెలిసింది. తిట్టడానికి మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. తిడితే ఆ మనిషికి సుఖంగా ఉంటుంది.

"కాలనీవాళ్లకు చెప్పారా?"

"ఖాళీ చేయించాలంటే పై నుంచి ఉత్తర్వు కావాలి. రాశాను. సంతకం కోసం వెళ్లింది."

"మట్టం కొలిచే కర్ర దగ్గరకు ఒక మనిషిని పంపండి. అంకె చెప్పండి. నేను పట్టుకునే ఉంటాను."

"నాకు వాళ్లు గేటు దగ్గర..."

"ముగ్గురు తిప్పితే గేటు లేవదని మీరే చెప్పారు. ఒకణ్ని పంపండి."

ఆమె పుస్తకం తెరిచి ఇరవై మూడో తేదీ పక్కన గీత గీసింది. ఉదయం బకెట్టు అంకె ఉన్న చోటికి కింద ఖాళీ ఉంది. సరంగు, బావమరిది తలుపును మెట్లు దించారు. ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు రిజిస్టరులో, వస్తువు వెనక్కి తీసుకెళ్లినట్టు, సరంగు చేత సంతకం చేయిస్తున్నాడు.

"అక్కా," అని కేకేశాడు సరంగు కింద నుంచి. "కాలనీ దాకా ఏట్లో పడవ పోతుందా?"

ఆమె రిసీవరు మూతి మీద చెయ్యి పెట్టింది. "ఎంత లోతు కావాలి?"

"నాలుగడుగులు."

"ఇవాళ పోదు," అంది.

అయిదు గంటలకు డ్యామ్ దగ్గర కర్ర చూసిన మనిషి తిరిగొచ్చాడు. ఇంజనీరు అంకె చెప్పాడు. నిండుమట్టానికి ఒక అడుగు పదకొండు అంగుళాలు తక్కువ. పొద్దున రెండడుగులు. ఆమె రాసుకుంది.

అయిదున్నరకు మళ్లీ కొలిచారు. ఒక అడుగు తొమ్మిది అంగుళాలు.